నాలుగు వైపులా నీళ్లు

నదీ రవాణా శాఖలో ఫైళ్లు కదలకపోవడానికి కారణం ఉద్యోగులు కాదు, నేల అని ఒకప్పటి డైరెక్టరుగారు కనిపెట్టారు. ఆయన కుటుంబంతో సహా సముద్రం నడుమనున్న ఏదో దీవికి పోయి, నాలుగు రోజులు ఇసుకలో పడుకుని వచ్చి, వచ్చిన రోజు మధ్యాహ్నమే రెండు ఫైళ్ల మీద సంతకం పెట్టారు. అంతకుముందు ఆయన్ని అలాంటి పరిస్థితిలో ఎవరూ చూసి ఎరగరు. గట్టి నేల మీద కూర్చున్నవాడు గట్టిపడిపోతాడు, నీళ్ల నడుమ కూర్చున్నవాడు కదులుతాడు అని ఆయనకు జ్ఞానోదయమైంది. వెంటనే ఉత్తర్వు వెలువడింది: "నలువైపుల నీరు ఆవరించిన ప్రదేశమున ఏటా నాలుగు దినములు గడుపుట వలన ఉద్యోగియందు కదలిక జనించును గాన, ప్రతి ఉద్యోగియు శాఖ ఖర్చుపై ద్వీప విహార సెలవు వినియోగించుకొనవలెను."

ఆనాటినుంచి గుమాస్తాలు ఏటేటా విమానమెక్కి దీవులకు పోయేవారు, నల్లబడి తిరిగొచ్చేవారు, ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే తెల్లగా ఉండేవి.

ఈ సంగతి శాఖవారి పడవ నడిపే సంగాడి నూకరాజుకు చాలా ఏళ్ల వరకు తెలియదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేసినవాడు, ఏటిగట్టు రేవునుంచి సొరకాయలంకకూ, లంకనుంచి రేవుకూ రోజుకు ఎనిమిది సార్లు వెదురు గెడ పొడుస్తూ పడవ వేసేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. కాపురమూ లంకలోనే. నూకరాజులాంటి సరంగులకు ఫైళ్లుండవు, పడవ ఎలాగూ కదులుతూనే ఉంటుంది, వాళ్లకు ప్రత్యేకంగా కదలిక జనింపజేయనవసరం లేదని శాఖ వారి అభిప్రాయం. ఇవ్వాల్సి వచ్చినప్పుడు సరంగు ఉద్యోగి కాడు. పట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఉద్యోగి. ఆ సంగతి ముందుముందు తెలుస్తుంది.

అలా ఉండగా విమానం టిక్కెట్ల ధరలు పెరిగాయి. పెరిగి ఊరుకోలేదు, ప్రతి పండక్కీ మళ్లీ పెరిగాయి. ఇన్ని విమానాలు మేము మోయలేమని ఆర్థిక శాఖవారు చేతులెత్తేశారు. విహారం మా జన్మహక్కు అని ఉద్యోగులు పని మానేసి సమ్మె చేశారు. సమ్మె జరుగుతున్నట్టు పైవాళ్లకు మూడో రోజున వాళ్లే ఉత్తరం రాసి తెలియజేయాల్సి వచ్చింది. దాంతో ఒక కమిటీ పడింది. దీవుల ప్రయాణ ఖర్చు తగ్గించడం ఎలాగో అధ్యయనం చేయడానికి కమిటీవారు మూడు దీవులకు విమానంలో వెళ్లి, నివేదిక పట్టుకొచ్చారు. దాని సారమంతా ఒక్క వాక్యం: "నాలుగు వైపులా నీరుండి, పడవ లేనిదే చేరరాని భూమి ఏదైనను ద్వీపమే."

జిల్లా ఆఫీసుకు అలాంటి భూమి మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. విమానం అక్కర్లేదు, నూకరాజు చాలు. సొరపాదులూ మిరపతోటలూ తప్ప మరేమీ లేని సొరకాయలంక కాగితాల మీద 'సోరా ఐలాండ్' అయిపోయింది.

జిల్లా అధికారి విశ్వంభరరావుగారు నూకరాజును పిలిపించారు. ఆయన నోట మామూలు మాట రావడం ఆయన భార్య కూడా వినలేదంటారు.

"చూడు నూకరాజూ. సదరు ద్వీపంలో ఉద్యోగుల ప్రవేశాన్ని ధ్రువీకరించే అధికారాన్ని నీకు దఖలు పరుస్తున్నాం. ఇదిగో రబ్బరు ముద్ర. ఇదిగో సిరా పెట్టె. నీ ముద్ర పడనిదే ఎవరి విహారమూ విహారం కాదు, పడిందంటే ఇక ఎవరూ కాదనలేరు."

"నాకెందుకండి బాబూ ఇయ్యన్నీ," అన్నాడు నూకరాజు. "ఒక చేత్తో గెడ, ఒక చేత్తో ముద్దర. పడవ ఎవరు పట్టుకుంటారండి?"

"అది నీ పరిధిలోని అంశం. ఇంకొకటి. హోదాను బట్టి నీటి లోతు ఉండాలని కమిటీ సిఫార్సు. అటెండర్లకు మోకాలి లోతు, గుమాస్తాలకు మొలలోతు, సూపరింటెండెంట్లకు నిలువు లోతు. నావంటి వారికి?"

"తవరికి గెడ అందనంత లోతండి," అన్నాడు నూకరాజు. నవ్వులాటకు అన్నమాట. విశ్వంభరరావుగారు తల పంకించి, 'గెడ అందని లోతు' అని స్వయంగా రాసుకున్నారు. ఏట్లో అంత లోతు వరదప్పుడు తప్ప ఉండదు. కాబట్టి పై అధికారులు ఎప్పటిలాగే విమానంలో సముద్రానికి పోవాలని తేలింది.

సంక్రాంతి వెళ్లిన మర్నాటినుంచి లంకకు ఉద్యోగులు దిగడం మొదలుపెట్టారు. నల్ల కళ్లద్దాలు, పూల చొక్కాలు, చేతిలో సెలవు కాగితం. దిగగానే, "బీచ్ ఎటు?" అని అడిగారు. అప్పుడే కల్లాపి చల్లుతున్న ఒక ముసలమ్మ, "ఎటు పోయినా ఏరే నాయనా, చెంబట్టుకెళ్లు," అంది.

నాలుగు రోజులుండాల్సినవాళ్లు రెండో పూటకే దోమలకు దండం పెట్టి తిరుగుపడవ ఎక్కారు. ఎక్కి, లంక మీద ఫిర్యాదులు రాశారు. వాటి ఫలితంగా సర్క్యులర్లు వచ్చాయి. ద్వీపమన్నాక కొబ్బరి చెట్లు నీటివైపు వంగి ఉండాలనీ, సోరా ఐలాండులోని చెట్లు శాఖ నియమాలకు విరుద్ధంగా నిటారుగా ఉన్నాయనీ, పదిహేను రోజుల్లో వంచాలనీ ఒకటి. బొమ్మ కూడా జతపరిచారు. లంకవాళ్లు రెండు చెట్లకు మోకులు కట్టి లాగారు. ఒకటి వంగలేదు. రెండోది పశువుల పాకమీద వంగింది.

వేసవి వచ్చేసరికి మరో చిక్కు. లంకకు వెనకవైపునున్న సన్న పాయ ఏటా చైత్రంలో ఎండిపోతుంది. మేకలు కూడా కాళ్లు తడవకుండా దాటుతాయి. మూడు వైపులే నీళ్లున్నచోట ముద్రలెలా వేశారని ఆడిటువారు నిలదీశారు. ఎండిన ఆ ఒక్క వైపు విహారం చెల్లదని తేల్చారు. విశ్వంభరరావుగారు ఆలోచించి పది ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి పాయలో పోయించారు. లంకలో బోరు ఉప్పుతేలి మంచినీళ్లకు కటకటగా ఉన్న రోజులవి. ఆడవాళ్లు బిందెలతో వచ్చి తెల్లారేసరికి ఆ నాలుగో వైపును ఎత్తుకుపోయారు. మళ్లీ పోయించారు. మళ్లీ ఎత్తుకుపోయారు. "కొందరు స్థానిక మహిళలు ద్వీపాన్ని బిందెలతో అపహరించుచున్నారు" అని పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఎస్సైగారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, ఇంటికి తీసుకుపోయారట, పిల్లలకు చూపించడానికి.

ఇదంతా నూకరాజు గెడ వేసుకుంటూ చూస్తూనే ఉన్నాడు. నవ్వొచ్చినప్పుడు నవ్వాడు, రానప్పుడు ఏట్లోకి ఉమ్మేశాడు. అతనికి అంతకంటె పెద్ద బెంగ ఇంట్లో ఉంది.

భార్య గంగరత్నానికి ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది, మిరపచేలో ఏదో గుచ్చుకుని. మిగిలిన కుడికంట్లో రెండేళ్లుగా శుక్లం పెరుగుతోంది. సొరకాయ ముదురో లేతో గోరుతో గిల్లి చెబుతుంది తప్ప చూసి చెప్పలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. కాకినాడ కంటి ఆసుపత్రి డాక్టరు ఆపరేషనుకు ఆగస్టు ఇరవయ్యో తేదీ ఇచ్చాడు. "ఇప్పటికే ముదిరిపోయింది. ఈ తేదీ తప్పితే లోపల పగులుతుంది. ఆ తర్వాత నేనేం చేయలేను," అన్నాడు. సంతకం పెట్టడానికి, చెయ్యి పట్టుకుని నడిపించడానికి, రెండు గంటలకోసారి చుక్కలు వేయడానికి మనిషి తోడుండాలి. నాలుగు రోజులు. వాళ్లకు పిల్లల్లేరు. ఉన్న తోడల్లా నూకరాజే.

చెప్పకుండా మానేస్తే మర్నాడే ఇంకొకణ్ణి పెట్టేసుకుంటారు. ఆ పడవ పోతే పొయ్యిలో పిల్లి లేవదు. కాబట్టి ఆగస్టు మొదట్లోనే నూకరాజు తెల్లకాగితం మీద నాలుగు రోజుల సెలవుకు అర్జీ రాయించుకుని ఆఫీసుకు వెళ్లాడు.

ఆ ఆఫీసు గురించి ఒక్క మాట. ఊరవతల పల్లంలో చెరువు పూడ్చిన జాగాలో రెండంతస్తులు కట్టారు. నీళ్లతో వ్యవహరించే శాఖ కదా అని అక్కడే కట్టారు కాబోలు. గేటు దాటగానే ఎడమ చేతివైపు ఒక పాత దిగుడుబావి ఉంది. పూడ్చడానికి పెట్టిన ఫైలు ఇంకా కదలలేదు. గుమాస్తాలు టీ తాగి కప్పులు అందులోకి విసురుతుంటారు.

సూపరింటెండెంటు లలితాంబగారు అర్జీ చదివారు. చెడ్డమనిషి కాదు. నియమం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోయే మనిషి.

"నువ్వు కాపురముండేది ఎక్కడ నూకరాజూ?"

"లంకలోనండి."

"నాలుగు వైపులా నీళ్లేగా?"

"మూడున్నర వైపులండి. వానాకాలం కాబట్టి ఇప్పుడు నాలుగే అనుకోండి."

"శాఖలో నాలుగు రోజుల సెలవంటే విహార సెలవొక్కటే. నీళ్ల నడుమ నాలుగు రోజులుంటే ఏడాది విహారం పూర్తయినట్టు. నువ్వు ఇరవై రెండేళ్లనుంచి అక్కడే ఉంటున్నావ్." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంక నీకు సెలవెక్కడుంది నాయనా? నీ మనవలనాటి సెలవు కూడా నువ్వే వాడేసుకున్నావ్."

"అమ్మా, అది ఇల్లండి. అక్కడ ఇహారం ఎవరు చేశారండి? మా ఆడదానికి కన్ను..."

"నాకు తెలుసు నూకరాజూ. కానీ నియమంలో కన్ను లేదు, నీళ్లే ఉన్నాయి. సార్‌ని కలువు."

విశ్వంభరరావుగారు ఆ సమయానికి చాలా ఉల్లాసంగా ఉన్నారు. నెలాఖరున ఆయన సముద్ర విహారం. పెరిగిన ధరలకే టిక్కెట్లు కొనేశారు, ఆయన భార్య వెడల్పు టోపీ కూడా కొనేసింది. అర్జీని దూరంగా పెట్టి చదివి అన్నారు:

"విశ్రాంతి అంటే ఏమిటనుకుంటున్నావు?"

"ఒళ్లు నొప్పులు తగ్గడవండి."

"కాదు. విశ్రాంతి అనేది అనుభూతి కాదయ్యా, భౌగోళిక స్థితి. నీకు అలసటగా అనిపించవచ్చు. అది నీ వ్యక్తిగత అభిప్రాయం. శాఖ దృష్టిలో నువ్వు ఇరవై రెండేళ్లుగా నిరంతర విశ్రాంతిలో ఉన్నావు. పైగా అనుమతి లేకుండా." ఆయన గంట కొట్టారు. "లలితాంబగారూ, ఇతడికి సంజాయిషీ నోటీసు ఇవ్వండి."

సెలవు అడగబోయినవాడు నోటీసు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఇచ్చారా మావా?" అంది గంగరత్నం, వాకిట్లో సొరకాయలు తడిమి బుట్టలో సర్దుతూ.

"ఇచ్చారు. కాయితం ఇచ్చారు."

"ఏటని?"

"నేనింతకాలం షికార్లు చేశానంట. అందుకు జవాబు చెప్పాలంట."

"ఎవత్తితో?" అంది గంగరత్నం.

"నీతోనే ఎహె. ఈ లంకలో."

"నీ షికార్లు తగలెయ్య," అని నవ్వింది. నవ్వి, "నేనొక్కదాన్నే పోతాలే మావా. బస్సులో కండట్రుకు చెబితే దింపడా," అంది. చెబుతూనే బుట్టలో పెట్టాననుకున్న సొరకాయను పక్కన నేలమీద పెట్టింది. అది దొర్లుకుంటూ పోయింది. దాని చప్పుడు వింటూ నూకరాజు కూర్చున్నాడు.

ఆగస్టు పద్నాలుగున గోదావరి పెరగడం మొదలుపెట్టింది.

మొదటి రోజు రేవు మునిగింది. రెండో రోజు సొరపాదులు మునిగాయి. నూకరాజు అన్నం తినడానికి కూడా గెడ దించకుండా లంకవాళ్లనీ, మేకల్నీ, కోళ్లనీ, గంగరత్నాన్నీ తెచ్చి గట్టుమీది బడిలో చేర్చాడు. ఇటు ఊరవతల పల్లంలో, చెరువు తన పాత జాగా గుర్తుపట్టి తిరిగొచ్చింది. వరద విధుల పేరిట ఆఫీసులో ఉన్న పదకొండు మందీ పై అంతస్తు ఎక్కేశారు. పదిహేనో తేదీనుంచి వాళ్లు అక్కడే. జెండా పండుగకు తెప్పించిన బిస్కెట్లూ లడ్లూ పైనే ఉండటంతో ప్రాణానికి ముప్పులేదు. లంకవాళ్లంతా గట్టెక్కాకే ఆఫీసుకు పడవ అని కలెక్టరాఫీసువారు చెప్పారు. అలా నాలుగో రోజుకు, పద్దెనిమిదో తేదీ పొద్దున, నూకరాజుకు కబురొచ్చింది: పోయి మీ అధికారుల్ని తీసుకురా.

ఆపరేషనుకు రెండు రోజులుంది. నూకరాజు పడవలో తెడ్డు వేశాడు, గెడ వేశాడు. కాస్త ఆలోచించి, గుడ్డసంచిలో రబ్బరు ముద్ర, సిరా పెట్టె కూడా వేశాడు.

గేటు కమ్మీల పైకొసలు మాత్రమే నీళ్లమీద కనిపిస్తున్నాయి. వాటిని దాటి, ఎడమ చేతివైపు లెక్కగా నాలుగు బారలు పోయి, అక్కడ పడవ నిలిపాడు. పై అంతస్తు వరండాలో విశ్వంభరరావుగారు నాలుగు రోజుల గడ్డంతో, లుంగీతో, చేతిలో సగం లడ్డుతో నిలబడి ఉన్నారు.

"వచ్చావా. శీఘ్రమే సమీపించు," అన్నారు.

"వస్తానండి. చిన్న పని. నాలుగు వైపులా నీళ్లున్నాయాండి?"

"కనబడటం లేదూ?"

"పడవ లేకుండా పోలేరు గదండి?"

"పోగలిగితే నిన్ను పిలుస్తామా?"

"ఎన్నాళ్లయిందండి?"

"ఇవాళ్టికి నాలుగు రోజులు. ఎందుకు ఈ ప్రశ్నావళి?"

నూకరాజు సంచిలోంచి ముద్ర తీశాడు. "అయితే తవరందరికీ ఈ ఏటి ఇహారం అయిపోయినట్టేనండి. కాయితాలు ఇలా అందిస్తే ముద్దరేసేస్తాను."

గుమాస్తాలందరూ ఒక్కసారి వరండాలోకి వచ్చారు. లంక దోమలకు భయపడి ఈ ఏటి విహారాన్ని ఇంకా దాచుకున్నవాళ్లు వాళ్లలో సగంమంది.

"ఇది ఆఫీసు," అన్నారు విశ్వంభరరావుగారు.

"అది ఇల్లండి," అన్నాడు నూకరాజు. "ఇల్లైతే నాకు చెల్లినప్పుడు ఆఫీసైతే తవరికి చెల్లదేటండి?"

"నేను రాత్రిళ్లు నిద్రపోలేదు. నడుం పట్టేసింది. దీన్ని విశ్రాంతి అంటావా?"

"ఇశ్రాంతంటే అనిపించడం కాదండి, తవరే సెలవిచ్చారు. ఏదో స్థితి అన్నారు. పేరు నాకు నోరు తిరగదు."

"భౌగోళిక స్థితి," అన్నారు లలితాంబగారు వెనకనుంచి, నియమం దారి చూపినప్పుడు ఊరుకోలేక.

విశ్వంభరరావుగారు ఆవిడవైపు చూసి, హఠాత్తుగా ఏదో దొరికినట్టు నిటారయ్యారు. "అయితే హోదా? నా హోదాకు గెడ అందని లోతు ఉండాలి. ఇది పూడ్చిన చెరువు. మహా అయితే నిలువు లోతు. నా విషయంలో ఇది ద్వీపం కానేరదు."

"కొలుద్దావండి," అన్నాడు నూకరాజు.

గెడను పడవ పక్కన నీళ్లలోకి దించాడు. దించాడు, ఇంకా దించాడు. పిడికిలి నీళ్లకు తగిలింది. మోచెయ్యి మునిగింది. చెవి నీళ్లకు ఆనేలా వంగి, ఇంకా దించి, పైకి చూశాడు.

"అందట్లేదండి."

గుమాస్తాల్లో ఇద్దరికి ఆ దిగుడుబావి గుర్తొచ్చింది. అందులో వాళ్లు విసిరిన టీ కప్పులే వేలున్నాయి. ఇద్దరూ పైకప్పువైపు చూశారు.

విశ్వంభరరావుగారి కళ్లముందు వెడల్పు టోపీ కదిలింది. దాని కింద భార్య ముఖం కదిలింది. ముద్ర పడిందంటే ఇక ఎవరూ కాదనలేరు. ఆ మాట అన్నది ఆయనే.

"నూకరాజూ," అన్నారు, మొదటిసారి మనిషిలా. "ఏమిటి మార్గం?"

"నాకేం తెలుసండి, ఐదో తరగతిగాణ్ణి. పని మీదుండి నీళ్లలో చిక్కుకుంటే అది ఇహారం కాదని తవరు ఒక ముక్క రాస్తే సరిపోద్దేమోనండి. తవరికీ ఉంటది, నాకూ ఉంటది."

లలితాంబగారు అప్పటికే కలం తీశారు. విశ్వంభరరావుగారు చెప్పారు, ఆవిడ రాశారు: "ఉద్యోగ ధర్మము వలన గాని, నివాసము వలన గాని, ప్రకృతి ప్రకోపము వలన గాని నీటి నడుమ గడిపిన కాలము విహారముగా పరిగణింపబడదు. ఈ సవరణ గతకాలమునకును వర్తించును." శాఖ చరిత్రలో ఒకరోజున పుట్టి, అదేరోజున సంతకమైన కాగితం అదొక్కటే. దీవుల మహిమ గురించి పాత డైరెక్టరుగారు చెప్పింది అబద్ధం కాదేమో.

"దీనివల్ల సరంగు ఇరవై రెండేళ్లూ కొట్టుకుపోతాయి సార్," అన్నారు లలితాంబగారు. "నోటీసు కూడా."

"పోనివ్వండి."

"నాలుగు రోజుల సెలవు ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి. పడవ దగ్గరికి రానివ్వండి."

అర్జీ మీద సంతకం పడ్డాక నూకరాజు గెడను పైకి లాగాడు. పడవను మెల్లగా బావి మీదనుంచి జరిపి వరండాకు ఆనించాడు. ముందుగా లలితాంబగారికి చెయ్యందించాడు.

ఇరవయ్యో తేదీన ఆపరేషను అయింది. మూడు రోజులు నూకరాజు ఆసుపత్రిలో గంగరత్నం మంచం పక్కన కూర్చుని రెండు గంటలకోసారి కట్టు కాస్త ఎత్తి చుక్కలు వేశాడు. మధ్య మధ్య కునికిపాట్లు పడ్డాడు. ఎటు చూసినా గచ్చే, ఏ వైపునా నీళ్లు లేవు. వెనక్కు తిరిగి చూసుకుంటే అతను పనిలేకుండా కూర్చున్న రోజులు అవే. చివరి రోజు పొద్దున డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. గంగరత్నం రెప్పలాడించింది. కిటికీ చూసింది, గోడమీద బల్లిని చూసింది, మంచం పక్కన నిలబడ్డ మొగుణ్ణి చూసింది. చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది.

"ఏటి మావా," అంది, చెయ్యి చాపి అతని దవడ తడిమి, "జుట్టంతా తెల్లబడి, బుగ్గలు లోపలికి పోయి... ఇంత ముసలోడివైపోయావేటి?"

"ఇరవై రెండేళ్లు ఇశ్రాంతి తీసుకున్నాను గదే," అన్నాడు నూకరాజు.